డొప్ప లోపలి వైపు

ఎక్కడ తగిలి ఉంటుందబ్బా ఇది, అని తియాంహోక్ పొద్దుటినుంచి అడుగుతూనే ఉన్నాడు. అడిగేవాడూ తనే, జవాబు చెప్పాల్సినవాడూ తనే. ఆ చెప్పాల్సినవాడే నోరు మెదపడం లేదు. స్కూటర్ ముందు డొప్పకి, దీపం కింద, కుడి పక్కన, జానెడు పగులు. పగులు పక్కన తెల్లటి గీరు. నిన్న లేదిది. నిన్న ఉంటే నిన్ననే చూసేవాడు కదా, రోజూ సాయంత్రం తడిగుడ్డ పెట్టి చంటిపిల్లాడి మూతి తుడిచినట్టు ఆ ఆకుపచ్చ డొప్పని తుడుస్తాడు కదా. నిన్న తుడిచాడా? తుడిచే ఉంటాడు. తుడవకుండా ఎలా ఉంటాడు, ఉప్పుగాలి ఊరిది, ఒక్క పూట వదిలేస్తే రంగు మీద తెల్లగా పేరుకుంటుంది. గుడ్డ దండెం మీద ఉంది. ముట్టుకుని చూశాడు. ఎండి బిరుసెక్కి ఉంది. నిన్న తడిపిందో మొన్న తడిపిందో గుడ్డ మాత్రం ఏం చెబుతుంది పాపం. ముందు గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి, సందులోంచి ఎండ గడప దాటి బండి చక్రం దాకా వచ్చింది. ఆ ఎండ ఎదురుగోడ దగ్గరున్న, పోయిన పెద్దల పూజబల్ల కాళ్ళ దాకా జరిగేసరికి సియూకిమ్ వచ్చేస్తుంది. రొయ్య ఎండబెట్టే కళ్ళంలో వలలు ఎత్తేసి, తలకి చుట్టుకున్న పూలగుడ్డ విప్పుకుంటూ, ఏవయ్యా అంటూ వచ్చేస్తుంది పెళ్ళాం. వచ్చేలోగా ఈ పగులు ఇక్కడ ఉండకూడదు.

చిన్న పీట లాక్కుని బండికి ఎదురుగా కూర్చున్నాడు, స్క్రూలు వేసుకోవడానికి పాత అన్నం గిన్నె పక్కన పెట్టుకున్నాడు. ఈ పని తనకేం కొత్తా, బతుకంతా ప్లాస్టిక్కుతోనే కదా తెల్లారింది. వెదురు తెప్పలు పోయి గొట్టాల తెప్పలొచ్చిన కాలంలో రేవులో ఆ లావు గొట్టాలని వేడిపెట్టి ముక్కు పైకి వంచిందెవరు, అన్నా తనూ. ఎక్కడో సన్నగా పగిలి నీళ్ళు చొరబడితే, మళ్ళీ వేటకెళ్ళేలోపు అతికి ఇచ్చిందెవరు, అన్నా తనూ. రేవు మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా సందులోవాళ్ళు మూత పగిలినా మడ్‌గార్డ్ చీలినా కొట్టుకి పోరు, హోక్ బాబాయ్ అంటూ ఈ గుమ్మంలోకే వస్తారు, వస్తూ వస్తూ నాలుగు జామకాయలు తెస్తారు. అందరి పగుళ్ళూ తనకి తెలుసు. పగులు చూసి చెబుతాడు, ఇది పడ్డదా, గుద్దిందా, ఎండకి పెళుసెక్కి దానంతటది విచ్చుకుందా అని. ఇది గుద్దింది. నెమ్మదిగా వెళుతూ, కుడి పక్కకి ఒరిగి, గట్టిదాన్ని గుద్దింది. గట్టిదేనా? మెత్తటిదాన్ని గుద్దితే ఇంత పగలదు. మరి మనిషి మోకాలు గట్టిది కాదూ? ఛీ, ఏం ఆలోచనలివి. నిన్న మధ్యాహ్నం చేపల సంతకి వెళ్ళాడు, అంతవరకూ ఖాయం. కత్తిచేప ముక్క కొన్నాడు, కోసేవాడు జలుబు చేసి ఒక ముక్కులో దూది పెట్టుకున్నాడు, చూడు, ఇంత పనికిమాలిన సంగతి గుర్తుంది. తరవాత ఇంట్లో అల్లం వేసి కాచిన చేపనీళ్ళు, సియూకిమ్ ముల్లు తీసి తన గిన్నెలో ముక్క వేయడం, అదీ గుర్తుంది. సంత ఉంది, చేపనీళ్ళు ఉన్నాయి. ఈ రెంటి మధ్యా దారి ఉండాలి కదా. బండి మీద వచ్చాడు కదా, ఎగిరి రాలేదు కదా. ఆ దారి లేదు. వెతికితే వేరే ఏవేవో దారులు దొరుకుతున్నాయి, అన్నతో సైకిల్ మీద వెళ్ళిన దారి, పెళ్ళికి ముందు సియూకిమ్ ఐసుగడ్డలు వేసుకుని సంతలో జోరుగా బండి తోలుకుంటూ పోయిన దారి, నిన్నటిది తప్ప.

స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాడు. చెయ్యి బాగానే ఉంది, చేతికి ఏం రోగం లేదు, ఎక్కడ ఏ స్క్రూ ఉందో చూడకుండానే వెతుక్కుంటుంది. ఆ ధీమాతోనే కింది వరసలో ఎడమ చివరికి వచ్చి ఆగాడు. ఈ స్క్రూ తక్కినవాటిలా నల్లగా లేదు. ఇత్తడిది, సొరుగుకో గొళ్ళానికో ఉండాల్సింది, బండికి ఉండాల్సింది కాదు. తను ఇలాంటిది చచ్చినా పెట్టడు. పెట్టడా? పెట్టాడేమో. అదిగో, ఏమో అనే మాట ఈమధ్య తెగ వస్తోంది నోటికి. గ్యాస్ కట్టేశానేమో, మందు వేసుకున్నానేమో. సియూకిమ్ అడుగుతుంది, వేసుకున్నావా అని. వేసుకున్నా అంటాడు గట్టిగా, గట్టిగా అంటే నిజమైపోతుందన్నట్టు. ఇత్తడి స్క్రూని గిన్నెలో పడేశాడు, అది మిగతా వాటికన్నా వేరే చప్పుడు చేసింది. డొప్పని రెండు చేతుల్తో పట్టి పైకి లాగితే టక్కుమని కొక్కేలు వదిలి ఒళ్ళోకి వచ్చింది. లోపలంతా బురద, నూనె జిడ్డు, ఏడాదుల మసి. పగులు ఉన్నమేర మటుకు గుడ్డతో తుడిచాడు. చాలు, ముందు పని కానీ.

"బాబాయ్! ఉన్నావా, కునుకేశావా?"

పుతాయి. సందు చివర చేప ఉండల కొట్టువాడు. తియాంహోక్ గబుక్కున పక్కనున్న పేపరు లాగి డొప్ప మీద కప్పి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా చూస్తే పసిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడనుకుంటారు.

"ఏంటి బాబాయ్, ఎండాకాలం మొదలవుతుంటే పేపరు కప్పుకున్నావు, చలేస్తోందా?"

"నీకెందుకురా నా చలి. ఏం విరగ్గొట్టావు ఈసారి?"

"నేనా? మా ఆవిడ. అద్దం వెనక చిప్ప. గేటుకి కొట్టి, గేటుదే తప్పంటోంది." విరిగిన చిప్ప పూజబల్ల మీద పెట్టబోయి, నాలిక కరుచుకుని కింద పెట్టాడు పుతాయి. "అన్నట్టు విన్నావా, నిన్న మధ్యాహ్నం సంత మలుపులో ఎవడో ముసలామెని గుద్దేసి ఆగకుండా పోయాడంట. చెయ్యి విరిగిందంట పాపం."

"ఎవరు?"

"తెలిస్తే ఊరుకుంటారా జనం? స్కూటరే అంట."

"ఏ రంగు?" ఆ గొంతు తనదేనా అనిపించింది, అంత సన్నగా వచ్చింది.

"రంగెవడు చూశాడు బాబాయ్. అయినా రంగుతో నీకేం పని, గుద్దినోడికి పెయింటేసి పెడతావా?" పుతాయి పగలబడి నవ్వాడు, నవ్వుతూనే బండి వైపు చూశాడు, డొప్ప లేని బండి, తీగలు బయటపడి దీపం ఒక్కటే గుడ్లప్పగించి చూస్తున్న బండి. "నీ బండికేమైందీ?"

"తుడుస్తున్నా," అన్నాడు. "ఉప్పు."

"తుడువు, తుడువు. నీ బండంత శుభ్రంగా మా పిల్లల మొహాలు కూడా ఉండవు." పోయాడు. చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా తియాంహోక్ పేపరు మీంచి చేతులు తీయలేదు.

నిన్న మధ్యాహ్నం, సంత మలుపు. తనూ అప్పుడే, తనూ అక్కడే. తెల్లటి గీరు దేనిది? ఆడవాళ్ళు పెట్టుకునే తాటాకు టోపీ తెల్లగానే ఉంటుంది కదా ఎండకి వెలిసి. ముసలామె తోసుకెళ్ళే కూరల బండికి తెల్ల చువ్వలుంటాయి. చెయ్యి విరిగింది. ఏ చెయ్యి? ఆవిడ నేల మీద పడి తనని పిలిచిందేమో, ఓయ్ అని, తాతా అని, తను వెనక్కి తిరిగి చూశాడేమో, చూసి, చూసింది కూడా మరిచిపోయి, నింపాదిగా ఇంటికొచ్చి కత్తిచేప ముక్కలు తిన్నాడేమో. దేవరా. తనని ఎవరైనా అడిగితే నేను కాదు అని చెప్పాలా, నేనే అని చెప్పాలా? కాదు అంటే అబద్ధమో నిజమో తనకే తెలీదు. ఇంత వయసొచ్చి, చేసిన తప్పుకి తల వంచడానికైనా తప్పు చేశాడో లేదో తెలియాలి కదా మనిషికి. అన్నకీ ఇలాగే మొదలైంది. అన్న తియాంసాయి, రేవులో వాడంత చెయ్యి లేదు ఎవరికీ. ఊరి అరిష్టాలన్నీ ఎక్కించి పంపే దేవర కొయ్య ఓడని జాతరలో ఒడ్డుకి లాగి తగలబెట్టే ఏడు, తెల్లవారుజామున, ఊరంతా చేతులు జోడించి నిలబడ్డ చోట, అన్న జనాన్ని తోసుకుంటూ మంటల వైపు పరిగెత్తాడు. మన తెప్ప కాలిపోతోందిరా, నీళ్ళు తేండిరా, చూస్తారేంట్రా అని. మొదట జనం తాగాడనుకుని నవ్వారు. తరవాత ఎవరూ నవ్వలేదు. వెనకనించి నడుం పట్టుకుని లాగింది తను; అన్న తిరిగి చూసి, ఎంతో మర్యాదగా, నువ్వెవరబ్బాయివి నాయనా అని అడిగాడు. ఆ పొద్దున నిప్పు సెగకి తన మొహం కాగిపోతోంది, అయినా వీపంతా చెమట చల్లగా కారింది. ఆ నెలలోనే అన్న దగ్గర బండి తాళాలు తీసేసుకున్నారు ఇంట్లోవాళ్ళు. తీసుకున్నాక అన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇక లేవలేదు. బండి పోవడం అంటే అది. ఈ ఊళ్ళో బండి లేనివాడు ఎక్కడికి పోతాడు, రేవుకా, సంతకా, గుడి అరుగు మీద టీ తాగడానికా? కుర్చీలోకి పోతాడు.

వద్దు. పని చెయ్. పని చేస్తుంటే బుర్ర కుదుటపడుతుంది. పగులు కొసన చిన్న బెజ్జం పెట్టాడు, అక్కడితో పగులు ఆగిపోవాలని, లేకపోతే పైకి అతికినా లోపల పాక్కుంటూ పోతూనే ఉంటుంది. పగులు పొడుగునా గాడి తీశాడు, కిటికీకి కొట్టే ఇనప జాలీ ముక్క కత్తిరించి, కాలిన టంకం ఇనుముతో దాన్ని ప్లాస్టిక్కులోకి దించాడు. బాగా దిగింది. చూశావా, చెయ్యి మరిచిపోలేదు. ఇక గాడి నింపాలి. సంచీలోంచి అతుకు వేసే ప్లాస్టిక్ కడ్డీ తీసి, వేడి ఇనుము కింద పెట్టి, కరిగించుకుంటూ పోతున్నాడు. ఎండ చక్రం దాటి స్టాండు దాకా వచ్చింది. సియూకిమ్ ఈపాటికి వలలు చుట్టేస్తూ ఉంటుంది. రంగు ఎలా? రంగు సంగతి తరవాత, బురద పూస్తే సరి, పైకి కనపడదు. ఆవిడకి అసలే దగ్గరివి సరిగా ఆనవు, ఆ రొయ్యల్లో చెత్త ఏరీ ఏరీ. ఏదో ఘాటు. ముక్కు మండుతోంది. గొంతులో గీరుకుంటోంది. ఏంటీ వాసన, రేవు వాసన ఇది, తెప్ప గొట్టాలు కాగే వాసన, అన్న పక్కనే ఉన్నట్టు వాసన. కడ్డీ వైపు చూశాడు. బూడిదరంగు కడ్డీ. తెప్ప గొట్టానికి వేసేది. బండి డొప్పకి కాదు. డొప్పకి డొప్ప ప్లాస్టిక్కే వెయ్యాలి, జాతికి జాతి, లోపల అచ్చుపోసి ఉంటుంది ఏ జాతి ప్లాస్టిక్కో, చూసి మరీ వెయ్యాలి, ఈ సందులో ప్రతి కుర్రకుంకకీ తను చెవినిల్లు కట్టుకుని చెప్పిన మొదటి మాట అదే. పాత మడ్‌గార్డ్ కోసి పెట్టుకున్న పేళికలు సంచీలో ఎదురుగా ఉన్నాయి, నల్లగా, కట్టగట్టి. వాటిని తోసి మరీ గొట్టం కడ్డీ తీసింది చెయ్యి. ఇందాక మెచ్చుకున్న చెయ్యే.

ఇనుము కింద పెట్టేశాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా. కరిగిన కడ్డీ గోధుమరంగుకి తిరిగి బుడగలు కట్టి ఉంది, గోరుతో గీరితే పెచ్చులా లేచొచ్చింది, అంటుకోలేదు, అంటుకోదు. పోనీలే, గీరేసి మళ్ళీ మొదలెడదాం. ఎండ ఇంకా బల్ల దాకా రాలేదు. టైముంది. కొంచెం కిరసనాయిలు గుడ్డ మీద వేసి, ఈసారి సగం సగం కాదు, డొప్ప లోపలంతా, మూలమూలా రుద్దాడు, ఆ కోపంతోటే రుద్దాడు, కోపం ఎవరి మీదో తెలీకుండా. మసి కదిలింది. ఎడమ మూలన గుడ్డ ఎక్కడో గరుగ్గా పట్టుకుంది. డొప్పని వెలుతురుకి తిప్పాడు.

అతుకు. పగులు మీద ఎవరో వేసిన అతుకు. దాని పక్కన ఇంకొకటి, ఇంకా గరుగ్గా, ఇంకా పాతది. తను వేసింది కాదు. తన అతుకైతే చదునుగా ఉంటుంది, వేలు పెడితే తెలీదు. ఇది జిగురు చుక్కలు వేసి, మీద పొడి చల్లి, మళ్ళీ చుక్క వేసి, మళ్ళీ చల్లి గట్టిపరిచింది, సందులో ఆత్రగాళ్ళు వంటసోడాతో చేసే పని. సోడా అయితే తెల్లగా ఉండాలి. ఇది బూడిదరంగు. కొందరు సిగరెట్ బూడిద వేస్తారు. ఈ ఇంట్లో సిగరెట్టే లేదు. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మెత్తటి, జల్లెడ పట్టినంత మెత్తటి బూడిద, అందులో జిగురుతో పాటు బిగుసుకుపోయిన ఎర్రటి పుల్ల ముక్క, బియ్యపుగింజంత. అగరుపుల్ల కొస. కాలి కాలి మిగిలే ఎర్ర కొస. తల తిప్పి పెద్దల బల్ల వైపు చూశాడు. ధూపం కుండ, దాన్నిండా బూడిద, రోజూ పొద్దునా సాయంత్రం సియూకిమ్ గుచ్చే అగరుపుల్లలు. పిల్లలకి జ్వరమొస్తే చిటికెడు ఎర్రగుడ్డలో కట్టి మెళ్ళో వేసే బూడిద, దూరం వెళ్ళేవాళ్ళ జేబులో పెట్టే బూడిద. దాన్ని తీసుకొచ్చి ప్లాస్టిక్కు పగుల్లో పోసింది మహాతల్లి. అతుకూ అతుకే, కాపుదలా కాపుదలే అనుకుని ఉంటుంది.

డొప్పని బోర్లా తిప్పాడు. ఆ మూలకి సరిగ్గా బయటివైపు. పచ్చగానే ఉంది. ఎండలోకి వంచితే సన్నగా తళుక్కుమంది, చాలా సన్నగా, ఇన్నాళ్ళూ ఉప్పురవ్వ అనుకుని తుడిచి తుడిచి వదిలేసిన తళుకు. బండి రంగులో తళుకు ఉండదు. గోళ్ళరంగులో ఉంటుంది. పూజబల్ల సొరుగులో, అగరుపెట్టెల వెనక, ఆకుపచ్చ గోళ్ళరంగు సీసా. అది చూసి తను ఎంత ఆటపట్టించాడు, ఈ వయసులో ఎవరికోసమే ఈ షోకు, కళ్ళంలో రొయ్యలకి చూపించడానికా అని. నోరు ముయ్యవయ్యా, మేనకోడలు పారేస్తుంటే తెచ్చుకున్నా అంది. గోళ్ళు మటుకు ఏనాడూ పచ్చగా లేవు, రొయ్య పొట్టు గీరుకుని పగిలిన గోళ్ళు అవి. ఆ సొరుగు పిడి వదులై ఊగుతోందని, ఒక స్క్రూ ఎక్కడో పడిపోయిందని, బిగించాలి బిగించాలి అనుకుంటున్నాడు ఎప్పట్నించో. గిన్నెలో ఇత్తడి స్క్రూ ఎండకి మెరుస్తోంది.

ముందు ఒళ్ళు మండింది. నా బండి మీద, నాకు తెలీకుండా, నేను కునుకు తీస్తుంటే స్క్రూడ్రైవరు పట్టుకుని నా బండి విప్పిందా, తెప్పలు అతికిన నాకు అతుకు వేసిందా అని. ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. ఆ అతుకులున్నాయంటే అంతకుముందు కూడా గుద్దాడు. ఇదే మొదటిసారి కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఏం తెలీదు. తనకి తెలీదు, ఆవిడకి తెలుసు. తను ఈ పొద్దుటినుంచి మోస్తున్న ఈ రాయి, అమ్మో, ఈ ఒక్కపూటకే ఊపిరాడటం లేదు, ఆవిడ ఎన్నాళ్ళబట్టి మోస్తోంది, అన్నం పెడుతూ, మందు వేసుకున్నావా అంటూ, నవ్వుతూ తిడుతూ? తనకేమో ఆవిడ చూడకుండా దాచాలని ఆదుర్దా. ఇద్దరూ ఒక్క డొప్ప వెనకే దాక్కున్నారు, అటొకరు, ఇటొకరు. ఇప్పుడు కూడా టైముంది. నల్ల పేళిక తీసి, కరిగించి, నింపి, బిగించి, పీట మీంచి లేచి, ఏమీ ఎరగనట్టు టీ కాచి కూర్చోవచ్చు. ఆవిడా ఏమీ ఎరగనట్టు తాగుతుంది. అలా ఎన్నాళ్ళయినా తాగుతుంది ఆవిడ, అంత గట్టిది. కానీ సంత మలుపులో ముసలామె? అది అడగాలి. అడగకుండా ఈ రాత్రి నిద్ర పట్టదు, అడిగితే ఇక ఎప్పటికీ పట్టదేమో. ఎండ బల్ల కాళ్ళ మీదికి పాకింది. పేపరు తీసి కప్పుదామా అని చెయ్యి వెళ్ళింది, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. లోపలి వైపు పైకి పెట్టుకుని, డొప్పని ఒళ్ళో ఉంచుకుని కూర్చున్నాడు.

"ఏవయ్యా, ఏంటీ కంపు, గొట్టాలు కా..." సియూకిమ్ గుమ్మంలో ఆగిపోయింది. చేతిలో రొయ్యపొట్టు సంచీ, తలకి పూలగుడ్డ సగం విప్పి సగం ఉంది. ఒళ్ళోని డొప్పని చూసింది, ఎడమ మూల చూసింది, ఆయన మొహం చూసింది.

అడగాల్సింది ఒకటైతే నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "ఇత్తడి స్క్రూ పెట్టావేం?"

"నల్లది దొర్లి కాలవలో పడింది. సొరుగుది పెట్టా."

"నిన్న నేను ఎవరినైనా గుద్దానా?"

ఆవిడ సంచీ నెమ్మదిగా కింద పెట్టింది. "స్తంభాన్ని. మన సందు మొదట్లో సున్నం కొట్టిన స్తంభం లేదూ, దాన్ని. అరుగు మీద నేనే ఉన్నా, నా కళ్ళతో చూశా."

"మరి ఆ ముసలామె..."

"ఏ ముసలామె? సంత దగ్గర ఆవిడా? అయ్యో రాత, ఆ గుద్దినోడు స్కూటర్ మీద ఐసు వేసేవాడు. పొద్దున్నే వాడే పోయి ఒప్పుకున్నాడంట, కళ్ళంలో ఇవాళంతా అదే గోల." అంతలో ఆవిడకి అర్థమైంది, ఈ మనిషి పొద్దుటినుంచి ఏం మోస్తూ కూర్చున్నాడో. "పిచ్చోడా! అదా నువ్వు..."

ఊపిరి వచ్చింది. ఎంత ఊపిరి వచ్చిందంటే కళ్ళు చెమర్చాయి. సున్నం. తెల్ల గీరు సున్నం, అంతే. వేలితో గీరి చూస్తే తెలిసిపోయేది, రాలిపోయేది, పొద్దుటినుంచి ఆ గీరుని ముట్టుకోవడానికే భయపడ్డాడు. ఇక్కడితో ఆపెయ్యి, అని లోపల ఎవరో అన్నారు, ఇంతకన్నా అడక్కు. కానీ అడిగాడు. "గుద్దాక నేనేమన్నాను?"

సియూకిమ్ పూలగుడ్డ పూర్తిగా విప్పి మొహం తుడుచుకుంది, తుడుచుకున్నదే తుడుచుకుంది.

"చెప్పవే."

"దిగావు. బండి చుట్టూ తిరిగి చూశావు. చూసి, 'ఎవరిదే ఈ బండి, పాపం మూతి పగిలింది, నా దగ్గరికి తెమ్మను, అతికిస్తా' అన్నావు." పూలగుడ్డని నాలుగు మడతలు పెట్టింది. "నేను సరే అన్నా. ఇంకేమంటాను. లోపలికి తీసుకొచ్చి అన్నం పెట్టా."

సందులో ఎవరిదో బండి పోయింది. తియాంహోక్ బూడిద అతుకు మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తున్నాడు. అచ్చం తన మాటే అది, తనే అని ఉంటాడు, సందేహం లేదు. ఎవరి బండైనా తను అనే మాట.

"ముందే చెప్పొచ్చు కదా."

"చెబితే బండి మానేస్తావు. మానేసి కుర్చీలో కూర్చుంటావు. మీ అన్న కూర్చున్నాక ఏమైందో నేను చూళ్ళేదా? పెద్దల్ని అడిగే తీసుకున్నా ఆ బూడిద, దణ్ణం పెట్టుకుని మరీ. అత్తగారూ, మీ కొడుకు, మీరే చూసుకోండి అని." ముక్కు చీది, అంతలోనే కసిరింది. "అయినా నీ బండి విప్పడం ఎంత కష్టమయ్యా, ఆ కొక్కేలు నా వేళ్ళు కొరికేశాయి."

"అతుకు బాగానే పట్టింది," అన్నాడు. "కాకపోతే ఉప్పుకాగితం పెట్టలేదు. గరుగ్గా ఉంది."

"లోపల ఎవడు చూస్తాడని?"

"నేను చూశా కదే."

అప్పుడు ఇద్దరూ కలిసి చేశారు మిగతా పని. సంచీలోంచి పేళిక ఆవిడనే తీయమన్నాడు. నల్లదేనా, అని అడిగాడు, నల్లదే, అంది ఆవిడ, ఎందుకు అడిగాడో అడగలేదు. ఆవిడ డొప్ప రెండంచులూ దగ్గరికి నొక్కి పట్టుకుంటే ఆయన కరిగించి గాడి నింపాడు, ఈసారి ఘాటు లేదు, అంటుకుంది. చల్లారాక ఉప్పుకాగితం పట్టాడు, తన అతుక్కీ ఆవిడ అతుకులకీ కూడా, ఆవిడవి అరగదీయలేదు, గరుకు మాత్రం పోగొట్టాడు, ఎర్ర పుల్ల కొస అలాగే ఉంచాడు. గోళ్ళరంగు సీసా ఆవిడే తెచ్చింది. పసిపిల్లకి కాటుక పెట్టినట్టు నాలిక కొస బయటపెట్టి పూసింది, పూసి, ఇంకా మిగిలిందని ఆయన బొటనవేలి గోరుకి కూడా ఇంత రాసింది. ఓసి నీ, అన్నాడు. స్క్రూలన్నీ బిగించి, చివరికి ఇత్తడిది. దాన్ని తీసేసి నల్లది వెతుకుదామనుకున్నాడు, వద్దులే అనుకుని అదే బిగించాడు.

లేచి, జేబులోంచి తాళంచెవి తీసి చాలాసేపు చేతిలో పెట్టుకున్నాడు. బరువేమీ లేదు దానికి. ఎరుపు దారం, గుడిలో ఇచ్చిన తాయెత్తు, అరిగిపోయిన తాళంచెవి. అన్న దగ్గర నుంచి లాక్కున్నారు. తనది ఎవరూ లాక్కోలేదు, అదే తేడా, అంతకన్నా పెద్ద తేడా ఏమీ లేదు. ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఐసుగడ్డలేసుకుని ఎగురుకుంటూ పోయేదానివి కదే సంతలో. గుర్తుందా తోలడం?"

"నాకు గుర్తుండక నీకుంటుందా," అనేసి సియూకిమ్ నోరు నొక్కుకుంది. ఆయన నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది కాస్త ఆలస్యంగా. "ఎక్కడికి?"

"రేవుకి పోదాం. పుతాయి కొట్టు దగ్గర ఆపు, చేప ఉండలు తిందాం. రేపు కూడా పోదాం. ఎల్లుండి కూడా. కుర్చీ మాత్రం వేయకు నాకు."

"వేస్తే నా తల మీద వేస్తా. ఎక్కు."

వెనక కూర్చోవడం ఎలాగో తెలియలేదు తియాంహోక్‌కి. కాళ్ళు ఎక్కడ పెట్టాలి, చేతులు ఎక్కడ పెట్టాలి. ఇన్నేళ్ళూ ఈవిడ తన వెనక ఇలాగే కూర్చుందా, ఏమీ కనపడకుండా, ముందున్నవాడి వీపు చూసుకుంటూ? భుజాల మీద చేతులు వేశాడు. ఆ భుజాలకి రొయ్యల వాసన, ఎండ వాసన. బండి కదిలింది, మొదట కాస్త తూలి, తరవాత సాఫీగా. పుతాయి పెళ్ళాం గేటు దగ్గర నిలబడి నోరెళ్ళబెట్టింది, సిగ్గేసింది, పోనీ చూడనీ. సందు మొదట్లో సున్నం కొట్టిన స్తంభం, నడుం దగ్గర ఆకుపచ్చ గీరు. సియూకిమ్ దాని దగ్గర బండి నెమ్మది చేసి, బీప్ బీప్ అని హారన్ కొట్టింది. "జరుగు జరుగు, మా ఆయనొస్తున్నాడు!" అంది స్తంభంతో.

ఆవిడ అంత సరదాగా ఉంటే తనకీ సరదా పుట్టింది. ముందుకి వంగి ఆవిడ చెవి దగ్గర, "ఎవరిదే ఈ బండి?" అన్నాడు.

చేతుల కింద ఆ భుజాలు రెండూ బిగుసుకుపోయాయి. బండి ఆగింది. సియూకిమ్ వెనక్కి తిరగలేదు, అద్దంలో మాత్రం చూసింది, ఆ మొహంలో రంగు లేదు.

"తమాషాకే! తమాషాకి అన్నానే," అన్నాడు గబగబా. "మనదే. మన బండే."

ఆవిడ ఆయన చేతి మీద ఫెడీమని ఒక్కటి వేసి, ఇలాంటి వేళాకోళాలు ఆడితే ఇక్కడే దింపేసి పోతానని తిట్టి, బండి మళ్ళీ కదిలించింది. రేవు గాలి మొహానికి కొట్టింది. తియాంహోక్ ఆవిడ భుజాలు గట్టిగా పట్టుకుని, అది తమాషాకే అన్నానని తనకి తాను కూడా ఓసారి చెప్పుకున్నాడు.